కొండమీది గది

మందునీటి ఊటలకు పేరుపడ్డ మరియాన్‌స్కే లాజ్నే ఊళ్లో బస్సు దిగగానే బ్లాంకా తండ్రిని అడిగింది. "ఊటల పక్కనే గది తీసుకుందామా నాన్నా? గుమ్మం దిగితే మందునీళ్లు."

"వద్దమ్మా. ఆ కొండమీద, అడవి అంచున లాడ్జి ఉంది. అది చాలు," అన్నాడు ఒతకార్.

"ఈ మోకాళ్లతో రోజూ కిందికెలా దిగుతావు?"

"దిగను."

ఆ మాట బ్లాంకాకు ఎక్కడానికి కాస్త సమయం పట్టింది.

"ఆ నీళ్లు తాగనివాడివి ఇంతదూరం ఎందుకొచ్చావు మరి?"

"నువ్వు బతిమాలావుగా. డాక్టరు చెప్పింది నేనూ విన్నాను తల్లీ. కడుపులో ఉన్నది నీళ్లకు కరిగేది కాదు. ఆ కొండమీదైతే పొద్దున్నే పిట్టలైనా కూస్తాయి."

తండ్రిని దింపేసి సాయంత్రం బస్సుకు వెళ్లిపోవాలనుకున్న బ్లాంకా, టాక్సీకి చెయ్యెత్తింది.

"రెండు మంచాల గది అడుగుదాం," అంది.