పదిహేడో భవనం

లెక్క ప్రకారం పదహారుండాలి. పదిహేడున్నాయి.

స్టీఫెన్ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. లైబ్రరీ, మూడు హాస్టళ్లు, ల్యాబులు, ఆడిటోరియం... ఎన్నిసార్లు చూసినా పదిహేడే. లైబ్రరీకీ అమ్మాయిల హాస్టలుకీ మధ్య అగ్గిపెట్టంత తెల్లటి భవనం ఒకటి ఎక్కువగా ఉంది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డు పక్కనున్న ఆ యూనివర్సిటీ, రాబోయే ఇరవై ఏళ్లలో ఎలా పెరగాలో చూపించే నమూనా అది. మీటింగ్ హాల్లో పెద్ద బల్ల మీద పరిచి ఉంది. ప్లాను గీసింది అసిస్టెంట్ ఇంజనీరు స్టీఫెనే. ఎక్కడ నల్లరేగడి ఉందో, ఎక్కడ పునాది ఎంత లోతు తియ్యాలో అతనికి కంఠతా వచ్చు. ఈ తెల్ల డబ్బాను మాత్రం అతను గీయలేదు.

వైస్ ఛాన్సలర్ రావడానికి పావుగంట ఉంది. స్టీఫెన్ కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తేలేది కూడా ఆ రోజే.

వేలితో కదిపి చూశాడు. గట్టిగా అతుక్కుని ఉంది. పీకితే కిందున్న పచ్చ కాగితం చిరిగేట్టుంది.

నమూనా చేసిన సుభాన్‌కు ఫోన్ చేశాడు. నంద్యాలలో పెళ్లి స్టేజీలకు థర్మోకోల్ పని చేసే మనిషి అతను.

"ఒకటి ఎక్కువైందా? అయ్యుండొచ్చులే అన్నా. పెండ్లిండ్ల సీజను. రెండు స్టేజీలు ఒకేసారి చేస్తాండా. యాడనో తప్పు పోయింటాది" అని సుభాన్ పెట్టేశాడు.

హాలు ఊడుస్తున్న ప్రేమకుమారి నడుం నిలబెట్టి చూసింది. "ఏంది సార్, అట్లా మళ్లా మళ్లా లెక్క పెడ్తాండారు?"

"ఒకటి ఎక్కువుందక్కా."

"తక్కువుంటే అడుగుతారు గానీ, ఎక్కువుంటే ఎవురడుగుతారు సార్?" అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

అడిగారు.

వైస్ ఛాన్సలర్ బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, సరిగ్గా అక్కడే ఆగాడు. "ఇదేమిటి?"

స్టీఫెన్ పక్కనున్న రిజిస్ట్రారు వైపు చూశాడు. ప్లానులో ప్రతి పేజీ మీదా సంతకం పెట్టింది ఆయనే. ఒక్క పేజీ కూడా చదవనిదీ ఆయనే.

"అదే సార్, పోయిన మీటింగులో తమరు చెప్పినది" అన్నాడు రిజిస్ట్రారు తడుముకోకుండా.

వైస్ ఛాన్సలర్ ఒక్క క్షణం ఆలోచించాడు. తనేం చెప్పాడో ఆయనకు గుర్తు రాలేదు. ఇంతమంది ముందు గుర్తు లేదనడమెలా?

"ఆఁ, అదే. మంచి చోట పెట్టారు" అన్నాడు. "పెద్ద భవనాలకు నిధులు రావాలంటే ఆలస్యమవుతుంది. ముందు దీంతోనే మొదలుపెడదాం. వారంలో డ్రాయింగులు నా టేబుల్ మీద ఉండాలి."

స్టీఫెన్‌కు ఇంకో ఏడాది పొడిగింపు దొరికింది. అది నిలవాలంటే, ఏమిటో తెలియని భవనానికి గదులు గీయాలి.

రిజిస్ట్రారును అడిగితే, "గీసింది నువ్వు! నన్నడుగుతావేందయ్యా?" అని కసిరాడు. వైస్ ఛాన్సలర్‌ను అడిగే ధైర్యం లేదు. ఆరో రోజు మధ్యాహ్నం నమూనా ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

ప్రేమకుమారి బల్ల దులపడానికి వచ్చింది. "అన్నం తిన్లేదా సార్?"

ఎవరికీ చెప్పుకోలేనిది ఆమెకు చెప్పేశాడు. "ఇదేందో నాకే తెలీదక్కా. రేపటికి గీసియ్యాల."

ఆమె ఆ తెల్ల డబ్బాను మొదటిసారి చూస్తున్నట్టు వంగి చూసింది.

"ఎన్ని రూములు పడ్తాయి సార్?"

"మూడు."

"అట్లయితే ఒక రూము కూచోని అన్నం తినేదానికి. ఒకటి చీర మార్చుకునేదానికి. ఇంగోటి బాత్రూము."

"ఎవరికక్కా?"

"మాకే. ఊడ్చేటోళ్లము ఇరవై రెండు మందిమి ఉండాము సార్. మెట్ల కింద కూచోని తింటాండాము. బాత్రూముకు పోవాలంటే రోడ్డు దాటి పెట్రోలు బంకుకు పోవాల. మొన్న రంగనాయకమ్మ లారీ కింద పడబోయింది."

స్టీఫెన్ నాలుగేళ్లుగా ఆ మెట్లే ఎక్కుతున్నాడు. కింద టిఫిన్ క్యారియర్ల చప్పుడు రోజూ వినేవాడు. నలభై వేల పుస్తకాలకు చోటు వెతికాడు, మూడు వందల కార్లకు వెతికాడు. ఈ ఇరవై రెండు మంది ఎక్కడ కూర్చుంటారని ఒక్కరోజూ అనుకోలేదు. సిగ్గేసింది. ఆ సాయంత్రమే గీసేశాడు. కిటికీలు కొండల వైపు పెట్టాడు.

"నేను చెప్పింది ఇదే కదా" అన్నాడు వైస్ ఛాన్సలర్, డ్రాయింగులు చూసి. "అప్పుడే రాసుకున్నాను సార్" అన్నాడు రిజిస్ట్రారు.

ఎనిమిది నెలల్లో భవనం లేచింది. ప్రారంభోత్సవంలో వైస్ ఛాన్సలర్ అది తన చిరకాల స్వప్నమన్నాడు. స్టీఫెన్ వెనక వరుసలో కూర్చుని, ఒక పేదరాలి మాట విన్న పుణ్యం తనదేనని మనసులో మురిసిపోయాడు. రిబ్బను కత్తిరించడానికి ప్రేమకుమారిని పిలిస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వెనక్కి జరిగింది.

తర్వాతి వారం పెద్ద వాన. మీటింగ్ హాలు కిటికీ ఎవరో తెరిచి ఉంచారు. జల్లు కొట్టి నమూనా అంతా తడిసింది. స్టీఫెన్ గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. లైబ్రరీతో మొదలుపెట్టి ఒక్కో భవనాన్నీ ఓపిగ్గా తుడుచుకుంటూ వచ్చాడు.

థర్మోకోల్ భవనాలు పదహారూ శుభ్రంగా ఆరాయి గానీ, పదిహేడోదాన్ని రుద్దేసరికి అది, ఊడ్చేవాళ్లకు స్టోర్సు నుంచి నెలకొకటి చొప్పున ఇచ్చే బట్టల సబ్బు వాసనతో, అతని అరచేతి నిండా నురగ కక్కింది.