ఖాళీ పెట్టెలు

“సంచీ విప్పు, కామ్షాట్!”

అల్మాతీ మందుల గిడ్డంగిలో చీటీలు అంటించే చేతులన్నీ ఒక్కసారిగా ఆగాయి. కామ్షాట్ సంచీ విప్పింది. రొట్టె చుట్టుకొచ్చిన గుడ్డ కింద మూడు ఖాళీ మందుల పెట్టెలు. మూడూ యూరప్ సరుకువే.

“చీటీల దగ్గర చీటింగా?” గిడ్డంగి పెద్ద ఎర్ముఖాన్ గొంతుకి పైకప్పు రేకులు అదిరాయి. “అంటించమని జీతమిస్తే దొంగలతో అంటకాగుతున్నావా?”

యూరప్ పెట్టెల మీద కజఖ్, రష్యన్ భాషల్లో చీటీ పడితేనే ఇక్కడ అమ్మకం. ఇక్కడి పెట్టెల మీద లేని బొడిపెలేవో వాటి మీద ఉంటాయి. చీటీ ఓ పట్టాన కూర్చోదు. అంటించడంలో పాడైన పెట్టెను మార్చి, పాతదాన్ని ముక్కలు చెయ్యాలి. చెయ్యకపోతే దొంగమందుకు దొరగారి చొక్కా దొరుకుతుంది. గిడ్డంగికి లైసెన్సు పోతుంది. పెట్టె తీసినవాళ్లు జైలుకి పోతారు.

“మన పెట్టెలు ఒక్కటీ ముట్టుకోలేదేం?”

“అవి నాకు పనికిరావు, ఆగా,” పెద్దన్నని పిలిచినట్టు అంది కామ్షాట్.

“విన్నారా? మహారాణికి ఖరీదైనవే కావాలిట! ఎవరికిస్తున్నావు?”

“మా ఆయనకి.”

“ఓహో, వ్యాపారం మొగుడిదన్నమాట!”

“చెబితే నమ్మరు. ఇంటికి రండి.”

“వస్తా. ఒక్కణ్ణే మాత్రం రాను.”

పోలీసుని వెంటబెట్టుకుని మరీ వెళ్లాడు. నాలుగో అంతస్తు. కామ్షాట్ భర్త జోమార్త్ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు.

“అతిథులా? పెద్దలు కూర్చునే పైచోట కూర్చోండి. ముందు చాయ్, ఆ తర్వాతే పని,” అని నవ్వాడు. లేవలేదు. పోలీసు టోపీ ఎదురుగా వచ్చి నిలబడ్డా మొహంలో బెదురన్నది లేదు.

“ముదురు ఘటం,” ఎర్ముఖాన్ పోలీసు చెవిలో గొణిగాడు. “నిన్ను చూసి జంకనివాడు నిన్నమొన్నటి దొంగ కాడు.”

పోలీసు అలమర తెరిచాడు. యూరప్ పెట్టెలు, పుస్తకాల్లా వరసగా. ఒకటి విప్పితే లోపల ఇక్కడి చవక మాత్రలు. ఇంకోదాంట్లోనూ అంతే.

“చొక్కా యూరప్‌ది, శాల్తీ మన సంతది!” ఎర్ముఖాన్ తొడ చరిచాడు. “ఇంకేం సాక్ష్యం కావాలి? రాసుకో!”

“ఆగా, ఒక్క మాట...”

“ఆగాను, ఇన్నాళ్లూ ఆగాను! ఇక ఆగను. నోర్ముయ్!”

పోలీసు కలం తీశాడు. అంతలో గోడగడియారం ఆరు కొట్టింది.

“గుండె మాత్ర వేళయింది. మీరు కానివ్వండి, నేనే తీసుకుంటా,” అంటూ జోమార్త్ అలమర దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

సాక్ష్యం మాయం చేస్తాడేమోనని ఎర్ముఖాన్ ఆ చెయ్యి పట్టుకోబోయి, అలాగే ఆగిపోయాడు.

జోమార్త్ చూపు ఎక్కడో ఉంది. వేళ్లు మాత్రం పెట్టెల మీది బొడిపెల్ని చదువుతున్నాయి.