మాన్య ఫోన్‌లో ఎవరు?

ఫోన్‌ను వెస్లీ ముందు పెట్టి రంగనాయకి ఆ చేతిని కొంగుకు తుడుచుకుంది. చచ్చిన బల్లిని పట్టుకొచ్చినట్టుంది ఆమె ముఖం.

"దీంట్ల ఎవరో దూరిండ్రు నాయనా. తీసెయ్యాలె."

సంతోష్‌నగర్ సందులో వెస్లీది చిన్న రిపేరు దుకాణం. ఇంట్లో ఏ ఫోన్ పాడైనా రంగనాయకి సైదాబాద్ నుంచి ఇక్కడికే వస్తుంది.

"ఇది మాన్య పాప ఫోన్ కదమ్మా. పాప రాలేదా?"

"మడి కట్టుకున్నది. స్వామికి ఆరగింపు అయ్యేదాంక ఫోన్ ముట్టదు. అది బయటికొచ్చేలోపు మళ్ల కిటికీల పెట్టాలె. జల్ది చూడు."

రంగనాయకి భర్త అర్చకుడు. గుడికి ప్రసాదం వాళ్ల ఇంటినుంచే వెళ్తుంది. ఆదివారాలు ఆ వంట కూతురిది.

"అనుమానం ఎందుకొచ్చిందమ్మా?"

రంగనాయకి చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

మేడమీద ఆమె మరిది శ్రీపాద ఉంటాడు. మొన్న అన్నం తింటూ అన్నాడు, "ఏం మాన్యా, అఫ్జల్‌గంజ్ లైబ్రరీ మెట్లమీద గాలి మంచిగొస్తదా?" పిల్ల చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. అక్కడికి వెళ్లిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ మర్నాడు, "నీలం చుడీదార్ నీకు బిగుతైతది, పచ్చది తీస్కో" అన్నాడు. ఆ రెండూ మాన్య కొననే లేదు. బట్టల దుకాణంలో తొడుక్కుని, అద్దంలో ఫొటో తీసి, స్నేహితురాలు అభిజ్ఞకు ఒక్కదానికే పంపింది.

ఆ రాత్రి మాన్య అభిజ్ఞతో ఏడ్చింది. "సోమవారం రాంగనే ఈ ఫోన్ అమ్మేస్త. బటన్ల ఫోన్ కొనుక్కుంట. అప్పుడేం చూస్తరో చూడనీ."

ఆ మాట విన్నాక, తెల్లారగానే ఫోన్ ఇక్కడికి తేవాలని రంగనాయకి అనుకుంది. ట్యూషన్ చెప్పి చీకటి పడ్డాక వచ్చే పిల్ల. చేతిలో సరైన ఫోన్ లేకపోతే ఇంట్లో ప్రాణం నిలుస్తుందా?

"లాక్ చెప్పుండ్రి."

చెప్పింది. "మా ఇంట్ల అందరికి అదే నంబరు. మడిల ఉన్నోళ్ల ఫోన్ మోగితె లేనోళ్లు ఎత్తాలె గద. అర్చనలకని భక్తులు చేస్తుంటరు."

వెస్లీ నవ్వాడు. "అంటే తాళం ఏసి, చెవి గొళ్లేనికే తగిలించిండ్రు."

"నవ్వకు నాయనా. ముందు లోపల చూడు."

వెస్లీ సెట్టింగులు తెరిచి ఒక్కొక్కటే చూస్తూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఇగో. సిస్టమ్ సర్వీస్ అని పేరు పెట్టుకున్నది. పైన బొమ్మ లేదు, ఏం లేదు. కెమెరా, మైకు, మెసేజులు, లొకేషన్, అన్నిటికి పర్మిషన్ ఉన్నది. ఫొటోలు అటు పోతున్నయ్. ఫోన్ల మాటలు గూడ."

"గాలికి వచ్చిందా?"

"లేదమ్మా. ఎవరో ఫోన్ చేతిల పట్టుకుని, నిమ్మళంగ కూసోని పెట్టిండ్రు."

ఫోన్ ఆమె వైపు తిప్పాడు. అన్నీ ఏ మెయిల్‌కు పోతున్నాయో అందులో ఉంది. శ్రీపాద అని ఇంగ్లీషు అక్షరాలు.

రంగనాయకికి నోట్లో చేదు ఊరింది. వడియాల మీద పక్కింటివాళ్ల నీడ పడితే లొల్లి చేసే మరిది. ఆ వేళ్లతోనే పొద్దున తులసి తుంచుతాడు. ఆ చెయ్యి చాపే తీర్థం పుచ్చుకుంటాడు. ఆ చేతికే తాను రోజూ కాఫీ గ్లాసు అందిస్తోంది.

"ఛీ. ఎంగిలాకులు నాకే కుక్క నయం" అంది. "బిడ్డ అసువంటి పిల్ల. అది ఎవరితోనో ఏదో చెప్పుకుంటె చాటుగ వినుడేంది? గట్ల విన్నోనికి తిన్నది అరుగుతదా?"

"పోలీసోళ్లకు చెప్పుండ్రమ్మా. తీసే ముందుగాల ఫొటో కొట్టుకోండ్రి, సాక్ష్యం ఉంటది."

ఆమె తన ఫోన్‌తో ఫొటో తీసుకుంది. "ఇయ్యాల్నే వాని సామాను బయట పడుతది. మా ఆయన అడ్డమొస్తె ఈ ఫొటో ముఖం మీద పెడత."

"పాపకు గూడ చెప్పుండ్రి. లాక్ మార్చుకుంటది."

"దానికి చెప్పకు. భయపడి ఫోనే అమ్మేస్తది."

"పోనీ, నేనే మార్చి ఇయ్యనా?"

"వద్దొద్దు. మారిస్తె దానికి అనుమానమొస్తది."

వెస్లీ భుజాలు ఎగరేశాడు. పర్మిషన్లన్నీ ఒక్కొక్కటే తీసేసి, చివరికి ఆ యాప్‌ను పీకి పారేశాడు. రంగనాయకి ఊపిరి వదిలింది. ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"ఫికర్ చెయ్యకుండ్రి, అయిపోయింది. ఒక్క నిమిషం" అన్నాడు వెస్లీ. మళ్లీ తెరమీదికి వంగాడు. "ఇంకోటి ఉన్నదమ్మా. పంచాంగం బొమ్మ పెట్టుకున్నది గని లోపల పంచాంగం లేదు. ఇది గూడ గసువంటిదే. మీ మరిదిది కాదు, మెయిల్ వేరే ఉన్నది. పోయినేడు నుంచే ఉన్నట్టుంది. దీన్ని గూడ తీసేస్తున్న."

అతని బొటనవేలు తెరను తాకేలోపే రంగనాయకి అరచెయ్యి ఫోన్ మీద పడింది.

"దాన్ని ముట్టకు నాయనా, అది నేను పెట్టించుకున్నది."