అసలు నంబరు

“ఊఁ అనవే!” అంటూ అక్క మోచేత్తో పొడిచింది.

బ్యాంకులో మోసాలు పట్టే చెల్లెలికి ఉద్యోగం పోయింది. ఈ పరాయి దేశంలో ఉండడానికి వీసా గడువు ఈ వారమే. ఏదో కంపెనీ పేరు చెప్పి ఫోన్ చేసిన పెద్దమనిషేమో, “ఉద్యోగం ఇస్తాం, వీసా మేమే ఇప్పిస్తాం. పాస్‌పోర్టు ఫొటో ఇప్పుడే పంపండి,” అంటున్నాడు.

“మీ ఆఫీసులో కనుక్కుని పంపుతానండీ.”

“అంత అనుమానమైతే ఇంకొకరికి ఇచ్చేస్తాం!”

తొందరపెట్టేవాడి చేతిలో గాలం ఉంటుంది. ఆమె ఫోన్ పెట్టేసింది.

“నోటికాడి కూడు నేలపాలు చేశావు కదే!”

చెల్లెలు ఆ కంపెనీ అసలు నంబరు వెతికి ఫోన్ చేసింది.

“వాడు మావాడు కాదమ్మా, మా పేరు చెప్పి ఎందరినో ముంచాడు,” అంది అక్కడి మేనేజరమ్మ. “కనుక్కున్నది మీరొక్కరే. ఏం పని చేస్తారు మీరు?”

“ఇదే పనండీ. కానీ నాకు ఉద్యోగమిస్తే వీసా మీరే ఇప్పించాలి.”

“వీసా సంగతి పైవాళ్ళని అడిగి చెప్పాలమ్మా.” అసలువాళ్ళెవరూ ఈ మాటకి టక్కున ఊఁ అనరు.

“రేపొకసారి రాగలరా, మాట్లాడదాం?”

ఈసారి అక్క పొడవలేదు. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.