కత్తిపీట లేని ఇల్లు

ఇందుజ నాలుగో ఏట అంగన్‌వాడీలో తోటిపిల్లను తోసేసింది. పెద్దయ్యాక హింసకు పాల్పడగల పిల్లల జాబితాలో ఆ వారమే నేర నివారణ శాఖ యంత్రం ఆమె పేరు చేర్చింది. ఆ శాఖవారు మర్యాదగా వచ్చి ఇంట్లోని కత్తిపీటను పట్టుకుపోయారు. ఐదేళ్లుగా తల్లి మంగతాయారు బీరకాయలు, వంకాయలు పొరుగింటికి తీసుకెళ్లి తరిగించుకుంటోంది. కారణం కాకినాడలోని ఆ వీధికంతా తెలుసు కనుక, ఇందుజతో ఆడుకోవడానికి ఎవరూ తమ పిల్లలను పంపరు.

ఈ నెల తనిఖీకి వచ్చిన ఉద్యోగిని జుబేదా చేతిలోని పరికరం తెర చూసి నిట్టూర్చింది. "పాప ప్రమాదపు అంకె పెరిగిందండి. స్నేహితులు లేకపోవడం ప్రమాద సూచనట. ఇక మా శాఖ హాస్టల్లో పెట్టాలంటున్నారు."

"మీ జాబితా చూసే కదండీ పిల్లలు రావడం మానేసింది!" అంది మంగతాయారు.

"నిజమేనండి."

"ఐదేళ్లలో ఇది ఎవరి మీదా చెయ్యెత్తలేదు. మీ లెక్క తప్పని ఒప్పుకోరేంటండీ?"

"చెయ్యెత్తకపోతే మా జాగ్రత్త పనిచేసిందంటారు. ఎత్తితే లెక్క నిజమైందంటారు."

"మరి తప్పని తేలేదెప్పుడండీ?"

జుబేదా తెర ఆపేసింది. గుమ్మంలో నిలబడి వింటున్న ఇందుజ ఆమె దగ్గరికి వచ్చింది.

"అక్కడ పిల్లలుంటారా ఆంటీ?"

"చాలామంది ఉంటారమ్మా."

"అందరి పేర్లూ జాబితాలో ఉన్నవేనా?"

"అవునమ్మా."

"అయితే నాతో ఆడతారు," అంటూ ఇందుజ లోపలికి పరుగెత్తి, స్కిప్పింగ్ తాడు సంచిలో వేసుకుని వచ్చింది. ఆమె ముఖంలో అంత ఆనందం తల్లి ఐదేళ్లుగా చూడలేదు.

"ఇప్పుడే వెళ్దామా ఆంటీ?"