మూడో రాజీనామా

మినెగిషి ఇచ్చిన మూడో రాజీనామాను కూడా మేనేజర్ ఇసోబె నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు.

"కంపెనీ అంటే కుటుంబం తల్లీ. కుటుంబానికి ఎవరైనా రాజీనామా ఇస్తారా?"

నిజమే. రోజుకు పద్నాలుగు గంటలు కళ్లెదుటే ఉంచుకుని, ఆదివారమైనా విడిచి ఉండలేనంత ప్రేమ నగోయా నగరం మొత్తంలో ఆ కుటుంబానికే ఉంది.

మర్నాడు మినెగిషి రాలేదు. ఆమె బదులు ఫోన్ వచ్చింది.

"ఇసోబె గారాండీ? ఉద్యోగం మానేసేవాళ్ల తరఫున మాట్లాడే ఏజెన్సీ నుంచండీ. మినెగిషి గారు మానేస్తున్నారు. చట్టప్రకారం రెండు వారాల ముందు చెబితే చాలండీ. మీరు ఒప్పుకోనక్కర్లేదు."

ఇసోబె ఒంటికాలి మీద లేచాడు.

"ఆ ముక్క చెప్పడానికి తనకి నోరు లేదా? ఎదురుగా నిలబడి చెప్పే దమ్ము లేక కిరాయి గొంతులు పెట్టుకుంటారా? పిరికి మంద!"

ఆమె మూడుసార్లు ఎదురుగా నిలబడే చెప్పిందని గుర్తుచేసే దమ్ము ఆఫీసులో ఎవరికీ లేకపోయింది.

అదే ఊపులో ఇసోబె ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గరికి నడిచి, వెనక తలుపు మూశాడు. ఏజెన్సీ మనిషి ఇంకో దండకం వినడానికి సిద్ధపడ్డాడు.

"బాబూ," ఇసోబె గొంతు బాగా తగ్గింది. "మేనేజర్ల తరఫున కూడా మాట్లాడతారా?"

"మాట్లాడతామండీ. ఎవరికోసం?"

"నాకే. రెండేళ్లుగా రాజీనామా కాగితం జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. డైరెక్టర్ గారి గది దాకా వెళ్తాను. తలుపు తట్టకుండానే వెనక్కొచ్చేస్తాను."

జేబులో కాగితం తడుముకుంటూ అన్నాడు:

"ఆ అమ్మాయి నయం. మూడుసార్లు తలుపు తట్టింది."