కాలవ కట్ట దారి

బందరు రోడ్డు లారీలకు భయపడి, బెజవాడలో బట్టల షాపు మూశాక ఆ రాత్రి కాలవ కట్ట మీదుగా సైకిల్ తొక్కాను. ఇంట్లో పాప పాలకు లేచే వేళైంది.

కట్ట మీద మనిషన్నవాడు లేడు. పక్కన నీళ్లు గలగలా పారుతుంటే తోడున్నట్టే అనిపించింది. సగం దారిలో గుర్తొచ్చింది. ఎండాకాలమని కాలవకు నీళ్లు కట్టేసి నెల దాటింది. పొద్దున పిల్లలు అందులో క్రికెట్ ఆడుతున్నారు.

నేనాగితే చప్పుడూ ఆగింది. తొక్కితే నాతోపాటే వచ్చింది.

మా వీధి మొదట్లో మాత్రం ఆగిపోయింది. అప్పటికి నా ప్రాణం లేచొచ్చింది.

"పాప ఏడవకముందే వచ్చావే. రేపూ ఆ దారినే రా" అన్నారు అత్తయ్య, కట్ట మీదుగా వచ్చానని చెబితే.

సరేనని పాపను ఒళ్లోకి తీసుకున్నాను. పాలు తాగుతోంది. బయట మళ్లీ గలగల మొదలై, మెల్లగా కట్ట వైపు వెళ్లిపోయింది.